ఊపిరి పెట్టెకు కొత్త బోర్డు

నవ్వు మధ్యలో నూకరత్నానికి ఊపిరి ఆగిపోయింది.

ప్రయోగశాలలో ఎదురుగా కూర్చున్న ఇంజనీరు మృణాళిని వెంటనే గమనించలేదు. రత్నం తన కబడ్డీ జట్టులో కొత్తగా చేరిన పిల్ల గురించి చెబుతోంది. ఆ పిల్ల కూతకు వెళ్ళి, అవతలి జట్టు చుట్టుముట్టగానే, "ఉండండక్కా, జడపిన్ను పడిపోయింది" అందట. ఆ మాట చెప్పి రత్నం తొడ చరుచుకుని నవ్వింది. నోరు తెరిచే ఉంది, కళ్ళలో నవ్వు ఇంకా ఉంది, శబ్దం మాత్రం లేదు. కాసేపటికి కళ్ళలోని నవ్వు కూడా పోయింది. చెయ్యి తొడ మీంచి నడుముకి జారింది. అక్కడ బెల్టుకు తగిలించిన అరచేయంత పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది.

మృణాళిని కుర్చీ తోసుకుని లేచి, చేత్తో నొక్కి గాలి ఎక్కించే అంబు బ్యాగ్‌ను గోడ మీంచి అందుకునేలోపే పెట్టె మళ్ళీ అందుకుంది. రత్నం ఛాతీ ఒక్కసారిగా ఎగసింది.

"ఓలమ్మ!" అంది గొంతు సవరించుకుని. "సచ్చిపోనాననుకున్నాను."

"ఇలా ఎప్పట్నుంచి అవుతోంది?"

రత్నం తలుపు దగ్గర నిలబడ్డ భర్త వంక చూసింది. పోలినాయుడు డ్యూటీ దిగి నేరుగా రావడంతో ఖాకీ చొక్కాతోనే ఉన్నాడు.

"ఎండలో ఎక్కువసేపు నిలబడితే ఒస్తాది మేడమ్" అంది రత్నం. " పెట్టె సలసలా కాలిపోతాది. ఆయనకి సెప్పలేదు, బెంగెట్టేసుకుంటాడని."

మృణాళిని పెట్టె మూత విప్పింది. లోపల బోర్డు మీద చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్లు నాలుగైదు పైకి ఉబ్బి ఉన్నాయి. ఒకదాని చుట్టూ గోధుమరంగు జిగురు కారి గట్టిపడింది.

"బోర్డు పోతోంది" అంది.

"మార్చియ్యండి" అన్నాడు నాయుడు. ఆర్టీసీలో బస్సు నడిపే మనిషికి అది పెద్ద మాటలా అనిపించలేదు.

"ఇలాంటి బోర్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు నాయుడు గారూ. చేసే కంపెనీయే మూతపడింది. కొత్త రకం వేయాలి. కొత్త బోర్డుకి పాత డ్రైవర్ సరిపోదు."

"ఈ పెట్టెకి డ్రైవరున్నాడా?"

మృణాళిని నవ్వలేదు. "ఉన్నాడు. బోర్డు బస్సు అనుకోండి. దాన్ని నడిపే ప్రోగ్రామే డ్రైవర్."

"బండి మారితే డ్రైవర్ని దింపేత్తారేటి? నాను ఎన్ని బళ్ళు మారినానో నాకే గుర్తు లేదు."

"మీరు కొత్త బండి ఎక్కితే బ్రేకు ఎక్కడుందో చూసుకుంటారు. వీడికి కళ్ళు లేవు. పాత బండిలో బ్రేకు ఉన్న చోటే కాలు వేస్తాడు."

"నాలుగు ట్రిప్పులు తిప్పితే అలవాటైపోద్ది కదా?"

"ఆ నాలుగు ట్రిప్పులూ బండిలో ఉండేది రత్నం."

నాయుడు వచ్చి రత్నం కుర్చీ పక్కన నిలబడ్డాడు.

తొమ్మిదేళ్ళ కిందట రాష్ట్రస్థాయి పోటీల్లో ఆడుతూ రత్నం మెడ మీద పడింది. కాళ్ళూ చేతులూ దక్కాయి. మెదడు నుంచి ఊపిరి కండరానికి వెళ్ళే ఆజ్ఞ ఒక్కటే తెగిపోయింది. వైద్యులు అలాంటి దెబ్బ అంతకుముందు చూసి ఎరగరు. విశాఖపట్నంలోని ఈ ప్రయోగశాలలో అప్పుడే తయారవుతున్న పెట్టెను మొట్టమొదట ఆమెకే అమర్చారు. ఛాతీలోని నరానికి సన్నటి తీగ, నడుముకు పెట్టె. పెట్టె లోపలి నుంచి విద్యుత్తు చిన్నగా తట్టినప్పుడల్లా ఒక ఊపిరి.

మొదటి ఏడాది ఆ తట్టు గడియారం ముల్లులా పడేది. మాట మధ్యలో ఉన్నా, మింగుతున్నా, దాని వేళకి అది పడేది. ఆ తర్వాత మృణాళిని కొత్త డ్రైవర్ రాసింది. గొంతులోనూ పక్కటెముకల్లోనూ కదిలే చిన్న చిన్న అదుర్లను అది పట్టుకుని, రత్నానికి గాలి ఎప్పుడు కావాలో ఊహించేది. తప్పు చేసేది, నేర్చుకునేది. ఏళ్ళు గడిచేసరికి అది ఎంత పెరిగిపోయిందంటే, రాసిన మృణాళినికే ఇప్పుడు దాన్ని చదవడం రాదు.

*

"కొత్త బోర్డు, కొత్త డ్రైవర్. పాతదాని ఆనవాలు కూడా మిగలకూడదు" అన్నాడు డాక్టర్ వేదాద్రి. ప్రయోగశాలకు పెద్ద ఆయనే.

"కొత్త డ్రైవర్ గడియారం లాంటిది సార్. నేర్చుకుంటుంది గానీ చాలా నెమ్మది. రత్నానికిప్పుడు నలభై ఆరేళ్ళు. అన్నీ మళ్ళీ మొదటినుంచి అంటే..."

"పలాస పేషెంటు సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆ మనిషికి బోర్డు మార్చినప్పుడు పాత డ్రైవర్‌ని తీయకుండా వదిలేశారు. తెర మీద అది కనబడలేదు. కనబడకపోయినా లోపల ఉంది. కొత్త డ్రైవర్ ఊపిరి పీల్చమన్నప్పుడు పాతది వదలమంది. ఒకే స్టీరింగును ఇద్దరూ పట్టుకున్నారు. మనిషి బతికాడు. మెదడుకు గాలి అందక దెబ్బతిని, భార్యను మాత్రం ఇప్పటికీ గుర్తుపట్టడం లేదు.

"రత్నం మీద నీకు అభిమానం ఉందని తెలుసు. అది రత్నం మీదో, నువ్వు రాసిన డ్రైవర్ మీదో ఒకసారి ఆలోచించుకో" అన్నాడు వేదాద్రి.

ఆ మాట మృణాళినికి గుచ్చుకుంది. పూర్తిగా అబద్ధమని తోసిపుచ్చలేకపోవడం వల్ల మరీ గుచ్చుకుంది.

కొత్త బోర్డుకి కొలతలు తీసుకోవాలని మృణాళిని ఆ వారంలోనే రత్నం వాళ్ళ ఊరు బొబ్బిలి వెళ్ళింది. మైదానంలో రత్నం గీత దగ్గర నిలబడి, పిల్లలకు కూత ఎలా పట్టాలో చూపిస్తోంది. ఆట ఆడలేదు గానీ కూత మాత్రం ఇప్పటికీ ఆమెదే. "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ" అంటూ ఒక్క ఊపిరి మీద సాగదీస్తూనే ఉంది. పిల్లలు ఒక్కొక్కరే ఆయాసపడి ఆగిపోతున్నా ఆమె ఆపలేదు. మృణాళిని చేతిలోని టాబ్లెట్ తెర మీద ఊపిరి గీత అడుగున చదునుగా సాగుతోంది. ఊపిరి ఇవ్వాల్సిన వేళ ఎప్పుడో దాటింది. అయినా డ్రైవర్ ఆగి ఉంది. ఆమె ఇంకా అడగలేదని దానికి తెలుసు. కూత ముగిసి రత్నం గొంతు రవ్వంత కదిలిందో లేదో, గాలి నిండుగా వచ్చిపడింది.

తర్వాత ఇంట్లో టీ తాగుతూ రత్నమే అడిగింది. "ఈ డ్రైవర్నే కొత్త బోర్డు మీద కూకోబెట్టలేరా మేడమ్?"

"ప్రయత్నించొచ్చు. మధ్యలో చిన్న ప్రోగ్రాం పెట్టి, ఇది పాత బోర్డేనని దాన్ని నమ్మించాలి."

"నమ్మకపోతే?" అన్నాడు నాయుడు.

మృణాళిని గ్లాసు వంక చూసింది.

"అయితే ఒద్దు. కొత్తదే ఎయ్యండి. మాట తగ్గితే తగ్గుద్ది, మనిషి ఉంటాది."

"మనిషి ఉంటాదా?" రత్నం గ్లాసు కింద పెట్టింది. "ఆ మొదటేడు నీకు గుర్తు లేదు మావా. నాలుగు మాటలు, ఊపిరి. నాలుగు మాటలు, ఊపిరి. ఎవులైనా కబురాడ్డానికొస్తే నా మొహం సూసేవోరు కాదు, పెట్టె వంక సూసేవోరు. ఎప్పుడు కీసుమంటాదా అని. మళ్ళీ అది నాకొద్దు."

"రత్నా..."

"ఊపిరి నీది కాదు, నాది."

నాయుడు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. చాలాసేపటిదాకా లోపలికి రాలేదు.

పాత డ్రైవర్‌నే ఉంచుతానని మృణాళిని ఆ రోజు మాట ఇచ్చి వచ్చింది. వేదాద్రికి చెప్పకుండా ఆ చిన్న ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. బల్ల మీద పరీక్షిస్తే చాలాసార్లు పనిచేసింది. కొన్నిసార్లు ఎందుకో చెప్పకుండా ఆగిపోయింది. ఇంకొన్ని రోజులు గడువుంటే బాగుండేదని ఆమె అనుకుంది.

*

గడువు లేకపోయింది. మధ్యాహ్నం ఎండ మండిపోతుండగా నాయుడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"పెట్టె ఆగిపోనాది మేడమ్. పూర్తిగా. నాను బ్యాగు నొక్కుతున్నాను. అంబులెన్సులో ఉన్నాం, మీ దగ్గరికే ఒస్తన్నాం."

"నేనూ ఎదురొస్తాను. ఆపకుండా నొక్కండి. మీ సొంత ఊపిరి ఎలా పీలుస్తారో అలా, తొందరపడకుండా."

బోర్డు, లాప్‌టాప్, పనిముట్ల సంచి కారులో పడేసుకుని బయలుదేరింది. గజపతినగరం దాటాక, ఫోనులో అనుకున్నట్టే ఒక పెట్రోలు బంకు షెడ్డు కింద అంబులెన్సు ఆగి కనిపించింది. వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. రత్నం ముఖం మీద మాస్కు ఉంది, నాయుడు దాన్ని ఒక చేత్తో అదిమిపట్టి రెండో చేత్తో బ్యాగు నొక్కుతున్నాడు. అంబులెన్సు తాలూకు మనిషి "నేను నొక్కుతాను, ఇవ్వండి" అంటున్నా వదలడం లేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

రత్నం కళ్ళు తెరిచే ఉంది. మృణాళినిని చూడగానే చెయ్యి చాచి మణికట్టు పట్టుకుంది. నడుమున ఉన్న పాత పెట్టెను చూపించింది, తర్వాత తన గుండెను చూపించింది.

"తెలుసు. అదే వేస్తాను" అంది మృణాళిని.

నాయుడు ఆమె వంక ఒక్కసారి చూశాడు. నొక్కడం మాత్రం ఆపలేదు.

పాత బోర్డు విప్పింది. డ్రైవర్ ఉన్న చిన్న చిప్‌ను తీసి కొత్త బోర్డులో గుచ్చింది. తీగలు కలిపింది. లాప్‌టాప్ మీద నుంచి తన చిన్న ప్రోగ్రాం ఎక్కించి, కరెంటు ఇచ్చింది.

పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. రత్నం ఛాతీ దానంతట అది ఎగసింది. మళ్ళీ ఎగసింది. మృణాళిని సైగ చేస్తే నాయుడు మాస్కు కాస్త పక్కకు తీశాడు.

"సెయ్యి లాగేస్తందేటి మావా, అలాగైపోనావు?" అంది రత్నం.

నాయుడు ఒక్కసారిగా ఏడ్చేశాడు.

అప్పుడు రత్నం ఛాతీ సగంలో బిగుసుకుపోయింది.

అది ఆగిపోవడం కాదు, బిగుసుకుపోవడం. గాలి లోపలికీ వెళ్ళడం లేదు, బయటికీ రావడం లేదు. నాయుడు మాస్కు అదిమి బ్యాగు నొక్కితే బ్యాగు రాయిలా ఉండిపోయింది. "ఎల్లట్లేదు! గాలి ఎల్లట్లేదు!" అని అరిచాడు. తెర మీద రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. కొత్త బోర్డు కరెంటు రాగానే తన డ్రైవర్‌ని తానే తెచ్చుకుని నిలబెట్టుకుంది. మృణాళిని దాన్ని ఆపానని అనుకుంది. అది ఆగలేదు, బోర్డులోంచి దాన్ని తీసే దారీ లేదు.

కరెంటు పీకేసింది. ఛాతీ వదులైంది. నాయుడు మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాడు. రత్నం పెదవులు నల్లబడ్డాయి.

మృణాళిని ఈసారి రత్నం కళ్ళలోకి చూడలేదు. చూస్తే చెయ్యలేనని తెలుసు. లాప్‌టాప్‌లో దాగి ఉన్నవాటితో సహా అన్నీ చూపించమని అడిగింది. పాత డ్రైవర్ పేరు లేత బూడిదరంగులో, మాసిపోయినట్టు కనిపించింది. తొలగించాలా అని తెర అడిగింది. ఎనిమిదేళ్ళ మాటలు, కూతలు, మెట్లు, నిద్రలు అందులో ఉన్నాయి. నొక్కింది. ఇంకా ఏమైనా మిగిలాయేమోనని వెతికింది. గొంతు దగ్గరి అదుర్లను వినే ముక్క ఒకటి, పక్కటెముకలది ఒకటి దొరికాయి. అవీ తీసేసింది. మళ్ళీ వెతికింది. ఇక ఏమీ లేదు.

కొత్త డ్రైవర్ ఒక్కటే పెట్టి, కరెంటు ఇచ్చింది.

ఛాతీ ఎగసింది. వెంటనే రత్నం గొంతు గట్టిగా మూసుకుపోయింది. పెట్టె ఎర్రదీపం వేసి కీచుమంది. ఇంకో ఊపిరి ఇవ్వబోయింది, మళ్ళీ అదే జరిగింది. రత్నం స్ట్రెచర్ మీద ఎగిరెగిరి పడుతోంది.

"మళ్ళీ అదేనా? ఇంకా దిగలేదా వోడు?" అన్నాడు నాయుడు.

"దిగాడు. లోపల ఇంకెవరూ లేరు." మృణాళిని తెరను పైనుంచి కిందిదాకా మళ్ళీ చూసింది. పెట్టె శుభ్రంగా ఉంది. స్టీరింగు రెండో పక్క పట్టుకున్నది ఎవరు?

రత్నం గొంతు వంక చూసింది. అక్కడ సన్నటి అదుర్లు వరసగా, తొందరతొందరగా పుడుతున్నాయి. ఎనిమిదేళ్ళుగా పాత పెట్టెను ఊపిరి అడిగే తీరు అది. అన్నాళ్ళూ పెట్టె ఒక్కటే రత్నాన్ని నేర్చుకుందనుకుంది మృణాళిని. రత్నం కూడా పెట్టెను నేర్చుకుంది. ఊపిరి ఇలా అడగాలి, వచ్చేదాకా గొంతు ఇలా బిగబట్టాలి అని ఆమె ఒళ్ళు తనలో తాను రాసుకుంది. ఆ రాతను తీసేయడానికి ఏ లాప్‌టాప్‌లోనూ మీట లేదు.

మృణాళిని స్ట్రెచర్ పక్కన మోకాళ్ళ మీద కూలబడి, రత్నం ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"రత్నం, విను. ఊపిరి అడగొద్దు. నువ్వు అడిగితే గొంతు మూసుకుపోతోంది. అడగడం మానెయ్. అదే వస్తుంది."

రత్నం కళ్ళలో భయం కన్నా కోపం ఎక్కువగా కనిపించింది. ఊపిరాడని మనిషిని ఊపిరి అడగొద్దంటున్నారు.

"నాయుడు గారూ, బ్యాగు ఆపండి."

"ఆపనా?"

"మీరు నొక్కుతుంటే ఏది ఎవరి గాలో ఆమెకు తెలియడం లేదు. ఆపండి."

నాయుడు కదల్లేదు. బ్యాగు మీద వేళ్ళు బిగిసే ఉన్నాయి. రత్నం ఆయన వంక తల తిప్పి, కళ్ళు మూసి తెరిచింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకున్నాయి.

బంకులో ఎవరో లారీ హారను కొట్టారు. పెట్టె ఒక తట్టు ఇచ్చింది. గొంతు మూసుకుంది. ఇంకో తట్టు. మూసుకుంది. రత్నం పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. ఆట ఆడిన రోజుల్లో ఊపిరి వదలడమంటే ఓడిపోవడమే. అంతమంది పట్టుకున్నా వదలని మనిషి, తనంతట తాను వదలాలి.

పిడికిళ్ళు తెరుచుకున్నాయి. అరచేతులు పైకి తిరిగాయి. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తర్వాతి తట్టుకు గొంతు తెరిచే ఉంది. గాలి లోపలికి వెళ్ళింది.

ఆమె దాన్ని అడగలేదు. అందుకే వచ్చింది.

*

"పాతదాని నకలు ల్యాబులో ఉంది కదా, ఎప్పటికైనా మళ్ళీ పెట్టొచ్చా?" అని వేదాద్రి తర్వాత అడిగాడు. జరిగింది మృణాళిని దాచకుండా చెప్పింది. ఆయన చాలాసేపు తిట్టి, ఆఖర్న అడిగిన మాట అది.

"పెట్టలేం సార్. దాంతో మాట్లాడే మనిషి ఇప్పుడు లేదు. అడగడం మర్చిపోతే తప్ప ఆమె బతకదు. మర్చిపోతోంది."

బొబ్బిలి మైదానంలో కూత నేర్పే పని జట్టులోని పెద్ద పిల్ల తీసుకుంది. రత్నం గీత అవతల కుర్చీలో కూర్చుని కాళ్ళు ఎక్కడ వేయాలో చేతులతో చూపిస్తోంది. పిల్లలు ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగడం నేర్చుకుంటున్నారు. కొందరు ఆగలేక వాళ్ళే పూర్తిచేస్తున్నారు. అలా చేసినప్పుడల్లా రత్నం ముఖం పక్కకు తిప్పుకుంటోంది.

వానలు మొదలయ్యాక మృణాళిని పెట్టె చూడటానికి వాళ్ళింటికి వెళ్ళింది. నాయుడు గుమ్మంలోనే ఆమెను ఆపి, గొంతు తగ్గించాడు.

"రాత్రుళ్ళు నిద్దరట్టడం లేదు మేడమ్. పక్కన ఎవులో కొత్త మనిషి పడుకున్నట్టుంటాది. ముందు నిద్దట్లో దాని ఊపిరి ఎలాగుండేదో నాకు బాగా తెల్సు. ఇప్పుడు గడియారమే." కాస్త ఆగి, "అలాగని ఒదిలేసి డ్యూటీకెల్లాలన్నా భయమే. అందుకే బస్సు ఒదిలేసినాను. డిపోలో కూకునే పని అడిగినాను, ఇచ్చినారు" అన్నాడు.

"రత్నానికి చెప్పారా?"

చెప్పలేదని ఆయన ముఖమే చెప్పింది. అయితే లోపల రత్నం అంతా వింది. మృణాళిని బెల్టు పెట్టెకు తీగ కలిపి టాబ్లెట్ చేతిలోకి తీసుకునేసరికి ఆమె నాయుడి మీద విరుచుకుపడింది.

"బస్సు ఒదిలేసినావా? నన్నడక్కుండా..." ఊపిరి. "పాతికేళ్ళు నడిపిన బండి..." ఊపిరి. "నాకు కాపలా కోసం..." ఊపిరి.

నాయుడు మధ్యలో అడ్డు రాలేదు. చేతులు కట్టుకుని నిలబడి, ప్రతి ఊపిరికీ ఆగాడు.

"నానేం సంటిపిల్లనా? నీకు భయమైతే... నాకు సెప్పాలి. నా ఊపిరి... నాతో ఉంటాది, నువ్వు... డిపోలో కూకుంటే ఆగుద్దా, రోడ్డు మీదుంటే ఆగుద్దా, రేపే ఎల్లి నా బండి నాకిమ్మని అడిగి రా!"

ఆగకుండా సాగిన ఆ ఆఖరి మాటకు ఆమే తెల్లబోయింది. నాయుడూ తెల్లబోయాడు.

మృణాళిని తెర వంక చూసింది. ఊపిరి పడాల్సిన వేళ గీత మీద దాటిపోయి ఉంది. కొంచెమే, కనురెప్ప వేసినంత. పెట్టె ఆగింది. ఈ మనిషి మాట ఇంకా పూర్తి కాలేదని దానికి ఎక్కడో తట్టింది.

"ఏటి మేడమ్, ఏటైంది?" అన్నాడు నాయుడు భయంగా.

"ఏం కాలేదు" అంది మృణాళిని. తెలిస్తే రత్నం మళ్ళీ ఊపిరి అడగబోతుందని టాబ్లెట్ ఒళ్ళో బోర్లించి, టీ గ్లాసు అందుకుంది. "ఆమె అడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు."